బంబుల్‌ఫుట్: పెరటి కోడి అరికాలి పుండు

బంబుల్‌ఫుట్ అంటే కోడి అరికాలిలో పుట్టే చీము గడ్డ. కంటికి ఆనని చిన్న గీతతో మొదలవుతుంది. ఆ గీతలోంచి సూక్ష్మజీవులు లోపలికి చేరతాయి, చర్మం కింద చీము గట్టిపడుతుంది, పైన నల్లటి పక్కు కడుతుంది. పశువైద్య గ్రంథాలు దీన్ని అరికాలి చర్మశోథగా వర్ణిస్తాయి. పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకునేవాళ్లు కాలి గడ్డ అనో, కాలు వాచిందనో, ముల్లు దిగిందనో చెప్పుకుంటారు. కోళ్లతో పాటు బాతులు, టర్కీ కోళ్లు, పంజరపు చిలుకలు, వేటకు పెంచే డేగలు, జంతు ప్రదర్శనశాలల్లోని పెంగ్విన్లు కూడా దీని బారిన పడతాయి. ఇవన్నీ మనిషి చేతికింద బతికే పక్షులే. స్వేచ్ఛగా తిరిగే అడవి పక్షుల్లో ఈ జబ్బు అరుదు. గట్టి నేల, రాత్రంతా ఒకే కర్ర, ఎక్కువ మేత, తక్కువ కదలిక కలిసిన చోట అరికాలు దెబ్బతింటుంది. అందుకే పుండుకు మందు రాసి, నేలను పట్టించుకోకుండా వదిలేస్తే అది మానినట్టే మాని మళ్లీ తిరగబెడుతుంది.

ఒక కోడి నుంచి ఇంకో కోడికి నేరుగా అంటుకునే జబ్బు కాదిది. అయినా ఒకే గూట్లో రెండు మూడు కోళ్లకు ఒకేసారి కనిపిస్తుంటుంది. వాటన్నిటికీ నేలా కర్రా ఒకటే కావడం దానికి కారణం.

కోడి పాదం

కోడి నిలబడేదీ నడిచేదీ వేళ్ల మీద. దాని కాలికి వెనక్కి వంగినట్టు కనిపించే కీలును చాలామంది మోకాలనుకుంటారు, నిజానికి అది మడమ. ఎక్కువ జాతులకు నాలుగు వేళ్లుంటాయి, ముందుకు మూడు, వెనక్కి ఒకటి. డార్కింగ్, సిల్కీ, ఫావరోల్ వంటి కొన్ని జాతులకు అయిదు. వేళ్లన్నీ కలిసే చోట, అరికాలి నడుమ, కొవ్వుతో నిండిన మెత్త ఒకటి ఉంటుంది. వేలి కణుపుల కింద అలాంటివే చిన్నవి ఉంటాయి. కోడిని తిరగేసి దగ్గరగా చూస్తే ఆరోగ్యమైన మెత్త మీద సన్నటి గరుకు బుడిపెలు వరసగా, ఎడం లేకుండా కనిపిస్తాయి. వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయి మళ్లీ పైకి వస్తుంది. చల్లగా, పొడిగా ఉంటుంది.

బరువు ఎక్కువగా మోసేది ఈ నడిమి మెత్త. కోడి ఎత్తు మీద నుంచి దూకినప్పుడు దాని మీద పడే తాకిడి నిలబడినప్పటి బరువు కన్నా చాలా ఎక్కువ. మెత్తకు కాస్త పైనే వేళ్లను ముడిచే స్నాయువులు, చిన్న చిన్న కీళ్లు ఉంటాయి. మధ్యలో అడ్డుగోడ అంటూ పెద్దగా ఏమీ ఉండదు. మొదట్లో పైపైనే ఉన్న పుండు వారాలు గడిచేసరికి కీలుకో ఎముకకో చేరడానికి ఈ నిర్మాణమే కారణం.

గడ్డ కట్టే తీరు

ఈ జబ్బులో అన్నిటికన్నా తరచుగా దొరికే సూక్ష్మజీవి స్టెఫిలోకాకస్ ఆరియస్. ఈ.కొలై, స్ట్రెప్టోకాకస్, సూడోమొనాస్ వంటివీ ఒక్కోసారి కనిపిస్తాయి. స్టెఫిలోకాకస్‌ను స్కాట్లండ్ శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ 1880లో మనుషుల చీము గడ్డల్లో గుర్తించాడు. మన చర్మం మీదా ముక్కులోపలా, కోడి చర్మం మీదా, గూటి దుమ్ములోనూ ఇది మామూలుగానే ఉంటుంది. చర్మం చెక్కు చెదరనంత కాలం హాని చేయదు. 2009లో ఎడిన్‌బరో పరిశోధకులు అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో ఒక విషయం బయటపెట్టారు. మాంసపు కోళ్ల నుంచి సేకరించిన ఈ బ్యాక్టీరియా నమూనాల్లో ఎక్కువ భాగం, అప్పటికి సుమారు 38 ఏళ్ల కిందట మనిషి నుంచి కోడికి మారిన ఒకే వంశానికి చెందినవట. కోళ్ల నుంచి మనకు ఏ రోగం వస్తుందోనని భయపడతాం. ఇక్కడ మాత్రం ఇచ్చింది మనిషి, పుచ్చుకున్నది కోడి.

చీము విషయంలో కోడికీ మనిషికీ ఉన్న తేడా తెలిస్తే చికిత్స సగం అర్థమవుతుంది. మన ఒంట్లో గడ్డ లేస్తే చీము పలచబడి, పగిలి కారిపోతుంది. ఆ చీమును పలచబరిచే పనిలో మన తెల్ల రక్తకణాల్లోని ఎంజైములకు పెద్ద పాత్ర ఉంది. కోడి రక్తంలో ఆ కణాలకు బదులుండే హెటెరోఫిల్ కణాల్లో, ఆ ఎంజైముల్లో ముఖ్యమైన మైలోపెరాక్సిడేజ్ లేదు. అందువల్ల కోడి చీము కారదు. పసుపుపచ్చగా, జున్ను ముక్కలా గట్టిపడి చర్మం కింద ఉండిపోతుంది. శరీరం దాని చుట్టూ పొర కట్టి వేరు చేస్తుంది. ఆ పొర రోగాన్ని ఒకచోట కట్టిపడేస్తుంది గానీ, నోటి ద్వారా ఇచ్చిన మందు కూడా దాన్ని దాటి లోపలికి సరిగా చేరలేదు. పెద్ద గడ్డకు మాత్రలు మాత్రమే వేసి రోజులు గడిపితే ఫలితం కనిపించకపోవడానికి ఇదే కారణం. మనిషి గడ్డను పిండినట్టు కోడి కాలిని పిండటం వల్ల కూడా ఉపయోగం లేదు. పిండితే చీము బయటికి రాదు సరికదా, పొర చిట్లి రోగం స్నాయువుల వెంట పైకి పాకుతుంది.

నేల, కర్ర, బరువు, మేత

తెలుగు పల్లెల్లో తిరిగే కోడికి ముళ్ల భయం ఎక్కువ. ఎండాకాలం పోరంబోకు నేలల్లో ఎండిపోయిన పల్లేరు కాయలు, చేల గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్లు అరికాల్లోకి నేరుగా దిగుతాయి. ఇల్లు కట్టే చోట పారేసిన మేకులు, గాజు పెంకులు, కంకర రాళ్లు అదే పని చేస్తాయి. నగరాల్లో డాబాల మీద పెంచే కోళ్ల సంగతి వేరు. అక్కడ ముల్లుండదు. గరుకు సిమెంటు నేల రోజంతా మెత్తను అరగదీస్తుంది. ఇనప జల్లి అడుగున్న బోనులైతే తీగల మీద నిలబడీ నిలబడీ అరికాలు కాయ కాస్తుంది, ఆ కాయ తర్వాత పగులుతుంది.

తడి అన్నిటికన్నా కచ్చితంగా హాని చేస్తుంది. ఎప్పుడూ తడిగా ఉండే చర్మం నానిపోయి తేలిగ్గా చిట్లుతుంది. రెట్టల్లోంచి వచ్చే అమ్మోనియా దాన్ని ఇంకా కొరుకుతుంది. 1998లో బ్రిటిష్ పౌల్ట్రీ సైన్స్ పత్రికలో వచ్చిన స్వీడన్ పరిశోధన నేల మీద పెంచిన పెట్టల్లో అరికాలి పుండ్లకు తడిసిన పరుపునూ కూర్చునే కర్రలనూ ప్రమాద కారణాలుగా చూపింది. మన దగ్గర వానాకాలంలో గంప కింద మూసే కోళ్లు తమ రెట్టల తడిలోనే రాత్రంతా నిలబడాల్సి వస్తుంది. గంప కింద గుప్పెడు ఎండు ఊక చల్లడం చాలా ఇళ్లలో ఎవరికీ తట్టని పని. పైసా ఖర్చు లేని ఈ జాగ్రత్త ఎన్నో కాళ్లను కాపాడగలదు.

కూర్చునే కర్ర గురించి యూరప్‌లో చాలా ఆలోచన జరిగింది. గుడ్ల కోళ్లకు ఒక్కో దానికి కనీసం 15 సెంటీమీటర్ల కర్ర ఉండాలనీ, దానికి పదునైన అంచులు ఉండకూడదనీ యూరోపియన్ యూనియన్ 1999 నాటి ఆదేశంలో నియమం పెట్టింది. కర్ర మరీ సన్నమైతే బరువంతా ఒక గీత మీద పడుతుంది. మరీ నున్నగా ఉంటే కోడి జారి మాటిమాటికీ పట్టు బిగిస్తుంది. పెచ్చులు లేచిన పాత కట్టె ముళ్లతో సమానం. మన ఇళ్లలో కోడికి వెదురు బొంగో, విరిగిన మంచం పట్టీయో కర్ర అవుతుంది. అది తప్పేమీ కాదు. నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పుతో, అంచులు గుండ్రంగా చెక్కి, పేళ్లు లేకుండా ఉంటే చాలు.

బరువైన కోడికి ముప్పు ఎక్కువ. బ్రహ్మ, ఆర్పింగ్టన్ వంటి విదేశీ భారీ జాతులు దీనికి పేరుపడ్డవి. మన పెరళ్లలో ఈ మాట వనరాజకు వర్తిస్తుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ అభివృద్ధి చేసిన ఈ రకం పెరటి పెంపకానికి బాగా పనికొస్తుంది, కానీ మేత దండిగా పెడితే త్వరగా లావెక్కుతుంది. గుడ్ల కోసం పెంచే వనరాజ పెట్ట ఆరు నెలల వయసుకు 2.2 నుంచి 2.5 కిలోల దగ్గర ఉండాలని సిఫారసు. గుడ్లు బాగా రావడానికి చెప్పిన ఈ సూచన కాళ్లకు కూడా మేలు చేస్తుంది. తిరిగి తినే నాటు కోడికి ఈ బెడద తక్కువ. అసిల్ పుంజు మాత్రం బరువుకు బరువు, దూకుడుకు దూకుడు. దాన్ని కట్టేసి పెంచేచోట, ఒకే అడుగు జాగాలో నిలబడి ఉండే కాలికి రెండు వైపులా దెబ్బ తగులుతుంది.

మేతలో ఎ విటమిన్ తగ్గితే చర్మం దళసరెక్కి పగుళ్లిస్తుంది, బయోటిన్ తగ్గితే అరికాలు నేరుగా చీలుతుంది. నూకలూ తౌడూ మాత్రమే తినే డాబా కోళ్లకు ఆకుకూరలు, మునగాకు, పసుపు మొక్కజొన్న పెట్టడం ఈ లోటును చాలావరకు తీరుస్తుంది. పెరిగిపోయిన గోళ్లు కూడా పాదాన్ని వంకర తిప్పి బరువును తప్పుచోటికి నెడతాయి.

గుర్తించడం

కోడి నొప్పిని దాచుకుంటుంది. వేటాడబడే జంతువుల లక్షణమది, బలహీనత బయటపడితే గద్దకో కుక్కకో ఆహారమవుతుంది. కాబట్టి కుంటడం మొదలైందంటే నొప్పి అప్పటికే బాగా ముదిరిందన్నమాట. అంతకుముందే కొన్ని చిన్న సూచనలుంటాయి. రోజూ అందరికన్నా ముందు గూట్లోంచి దూకే పెట్ట ఆఖరున దిగుతుంది. మేత చల్లినప్పుడు పరుగెత్తదు. ఒంటికాలి మీద ఎక్కువసేపు నిలబడుతుంది. పగలు కూడా కూర్చుని ఉంటుంది. గుడ్లు తగ్గుతాయి.

కాలు చూడటానికి మంచి సమయం రాత్రి. గూట్లో సర్దుకున్నాక కోడి కలవరపడదు. తువ్వాలులో వదులుగా చుట్టి, రెక్కలు కదలకుండా పట్టుకుని, పాదాన్ని దీపం వెలుగులో తిప్పి చూడాలి. ఛాతీని నొక్కకూడదు. కోడికి మనలా ఊపిరాడించే ఉదరవితానం లేదు, రొమ్ము ఎముక పైకీ కిందికీ కదిలితేనే గాలి ఆడుతుంది. గట్టిగా నొక్కినా, ఎక్కువసేపు వెల్లకిలా పట్టుకున్నా ఊపిరాడక చనిపోయే ప్రమాదం ఉంది.

జబ్బు ముదిరే వరసను వైద్యులు దశలుగా విడదీస్తారు. వేట డేగల వైద్యంలో అయిదు దశల కొలమానం వాడుకలో ఉంది. పెంపకందారుకు ఇంత గుర్తుంటే సరిపోతుంది. మొదట బుడిపెలు అరిగిపోయి మెత్త నున్నగా, ఎర్రగా కనిపిస్తుంది. తర్వాత మధ్యలో గోధుమ రంగు లేదా నల్లటి చిన్న పక్కు, చుట్టూ వాపు లేకుండా. ఆ తర్వాత వాపు, వేడి, నొక్కితే నొప్పి; పాదాన్ని పైనుంచి చూసినా వేళ్ల నడుమ ఉబ్బు కనిపిస్తుంది. చివరి దశలో వాపు మడమ దాకా పాకుతుంది, వేళ్లు వంకరపోతాయి, కీలు బిగుసుకుంటుంది, ఎముక కుళ్లుతుంది. కొన్నిసార్లు బ్యాక్టీరియా రక్తంలో కలిసి కోడి ఒక్కసారిగా నీరసించి చనిపోతుంది.

కుంటే ప్రతి కోడికీ ఇదే జబ్బని అనుకోవడం పొరపాటు. కాలి పొలుసులు పైకి లేచి, తెల్లటి పొడితో గరుకెక్కితే అది కాలి గజ్జి. పొలుసుల కిందికి దూరే కంటికి కనిపించని పురుగు దానికి కారణం. అరికాలు శుభ్రంగా ఉండి ఒక కాలు ముందుకూ ఒకటి వెనక్కీ చాచి పడిపోతే మారెక్స్ వ్యాధిని అనుమానించాలి. మెడ మెలితిరగడం, పచ్చటి విరేచనాలు తోడైతే కొక్కెర తెగులు. కోళ్ల కలరా దీర్ఘకాలం సాగినప్పుడు తమ్మెలతో పాటు అరికాళ్లు కూడా వాస్తాయి. మైకోప్లాస్మా సోకినా మడమ, పాదం ఉబ్బుతాయి. కీళ్ల దగ్గర సుద్దలాంటి తెల్లటి పదార్థం చేరితే యూరిక్ ఆమ్లం పేరుకున్నట్టు. ఇంకొకటి కూడా ఉంది. ఆడవాళ్ల వెంట్రుకో, కుట్టుదారమో, గాలిపటం మాంజానో వేలికి బిగుసుకుని ఆ వేలు ఒక్కటే వాస్తుంది. పొలుసుల మధ్య దాగిన ఆ దారాన్ని వెతికి, చిన్న కత్తెరతో తెంపితే వైద్యం అయిపోయినట్టే. బంబుల్‌ఫుట్‌కు ఆనవాలు అరికాలిలోని పక్కు. అది కనిపించకుండా వాపు మాత్రమే ఉంటే డాక్టరు చూడాల్సిందే.

ఇంట్లో చేయదగ్గ చికిత్స

మొదటి రెండు దశలను ఇంట్లో నయం చేయవచ్చు. కావలసింది ఓపిక. ముందుగా కోడిని మిగతావాటి నుంచి వేరుచేసి, ఎండు ఊకో శుభ్రమైన పాత గుడ్డో పరిచిన చోట, ఎగిరి ఎక్కాల్సిన కర్ర లేకుండా ఉంచాలి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. కోడి పుండులోని స్టెఫిలోకాకస్ మన వేలి పగుళ్లలోకి చేరగలదు. ఈ పనికి వంటింటి గిన్నె వాడకూడదు, ఆ సూక్ష్మజీవి ఆహారంలో పెరిగితే వదిలే విషం వండినా పోదు.

లీటరు గోరువెచ్చని నీటిలో ఒకటి రెండు పెద్ద చెంచాల ఎప్సమ్ ఉప్పు కలిపి, వెడల్పాటి తొట్టిలో కోడి కాళ్లు మునిగేలా పది పదిహేను నిమిషాలు నిలబెట్టాలి. మొదట కొట్టుకుంటుంది. వీపు మీద చెయ్యి వేసి ఉంచితే వెచ్చదనానికి కాసేపట్లో కుదుటపడి కళ్లు మూసుకునే కోళ్లూ ఉంటాయి. ఆ నీళ్లు తాగనివ్వకూడదు, విరేచనాలవుతాయి. నానిన తర్వాత పాదాన్ని మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. పక్కు మెత్తబడి దానంతటది ఊడివస్తే రానివ్వాలి. పట్టుకుని ఉంటే లాగకూడదు, మర్నాడు మళ్లీ నానబెట్టాలి. తర్వాత పోవిడోన్ అయోడిన్‌ను నీళ్లలో లేత గోధుమ రంగు వచ్చేదాకా పలచన చేసి కడగాలి. చిక్కటి మందు నేరుగా పోస్తే మానుతున్న కణాలు కూడా చస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూసి మందు పనిచేస్తోందని సంతోషిస్తారు గానీ, రోజూ వాడితే అది కూడా మానే పుండును మాననివ్వదు.

కట్టు కట్టడంలో నేర్పు కావాలి. పుండు మీద డాక్టరు చెప్పిన ఆయింట్‌మెంట్ పలచగా రాసి, మడిచిన గాజుగుడ్డ ముక్క పెట్టాలి. తనకు తానే అతుక్కునే కట్టు పట్టీని వేలు వెడల్పున చీల్చి, మొదటి చుట్టు పాదం చుట్టూ, తర్వాతివి ఒక్కో వేలి సందులోంచి కిందికీ పైకీ పోనిచ్చి, చివర కాలి ఎముక చుట్టూ రెండు చుట్లు వేసి ఆపాలి. వేళ్ల కొసలు బయటికి కనిపించాలి. అరగంట తర్వాత ఆ వేళ్లు ముట్టుకుని చూడాలి. చల్లబడినా, వాచినా, రంగు మారినా కట్టు బిగుతుగా ఉన్నట్టే, వెంటనే విప్పాలి. కట్టు తడిసినప్పుడల్లా, లేదా కనీసం రోజు విడిచి రోజు మార్చాలి. మురికి కట్టు ఉండటం కన్నా కట్టు లేకపోవడమే నయం. ఈ వరస వారం, రెండు వారాలు సాగితే చిన్న పుండ్లు చాలావరకు మానతాయి. కొత్త గులాబీ రంగు చర్మం పక్కు కింద కనిపించడం మంచి సూచన. రెండో కాలును కూడా రోజూ చూస్తుండాలి. నొప్పి కాలును ఎత్తి ఉంచినంత కాలం బరువంతా మోసేది అదే కాబట్టి, దానికీ పుండు పడటం మామూలు.

ఇళ్లలో పసుపు, వేపనూనె కలిపి రాయడం పాత అలవాటు. పైపై గీతకు పసుపు హాని చేయదు. లోపల గట్టిపడ్డ గడ్డను మాత్రం అది చేరలేదు, పైన పొరలా ఎండి పుండును కప్పేస్తుంది కూడా. కాల్చిన సూదితో పొడవడం, వాత పెట్టడం కొన్నిచోట్ల ఇప్పటికీ ఉన్నాయి. వాటితో కొత్త గాయం, కొత్త నొప్పి తప్ప ఒరిగేదేమీ లేదు. అవి మానేయాలి.

కత్తి ఎవరి చేతిలో ఉండాలి

బ్లేడుతో అరికాలు కోసి గడ్డను పెరికి తీసే పద్ధతి పెంపకందార్లలో ప్రచారంలో ఉంది. దీన్ని ఇంట్లో చేయకూడదు. కోడి తన నొప్పిని మనకు తెలిసేంత గట్టిగా అరిచి చెప్పదు, కానీ మత్తు లేకుండా చేసే కోత దానికి చిత్రహింసే. స్నాయువు తెగితే ఆ వేలు ఇక ముడుచుకోదు. కోడి చిన్న ప్రాణి, దాని ఒంట్లో ఉన్న రక్తం తక్కువ, కాస్త ఎక్కువ కారినా నిలవదు. లోపల ఉన్నదంతా ఒకే ముద్ద అనుకుని తీసేసినా, వేళ్ల మధ్యకు పాకిన భాగం మిగిలిపోయి మళ్లీ గడ్డ కడుతుంది.

వైద్యుడు చేసే పని వేరు. వాపున్న పాదానికి ఎక్స్-రే తీసి ఎముక బాగుందో లేదో చూస్తాడు. మత్తిచ్చి, గట్టి చీమును, చుట్టూ కుళ్లిన పొరను తీసి కడుగుతాడు. చీము నుంచి నమూనా తీసి ఏ మందుకు ఆ సూక్ష్మజీవి లొంగుతుందో పరీక్షకు పంపిస్తాడు. పుండు మీద బరువు పడకుండా మెత్తటి వలయంలాంటి పట్టీ పెడతాడు. పుండు లోతును బట్టి మానడానికి వారాల నుంచి నెలల దాకా పడుతుంది. ఎముక పూర్తిగా చెడి, కోడి నిలబడలేక మేత మానేసిన దశలో దాని బాధను పొడిగించడం కన్నా, వైద్యుడి చేత నొప్పి లేకుండా ప్రాణం తీయించడమే దయ. రక్తంలోకి రోగం పాకిన కోడిని కోసి తినడం మంచిది కాదు.

ఇంట్లో మనుషుల కోసం ఉన్న నొప్పి మాత్ర కోడికి వేయడం ఇంకో ప్రమాదం. అలాంటి మాత్రల్లో ఒకటైన డైక్లోఫినాక్ పక్షుల మూత్రపిండాలను పాడుచేస్తుంది. ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తిని మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. కోడి కూడా పక్షే. నొప్పి తగ్గించాలంటే మెలాక్సికమ్ వంటి మందును, పక్షి బరువు చూసి, డాక్టరే నిర్ణయించాలి.

యాంటిబయాటిక్ వాడితే గుడ్ల సంగతి ఆలోచించాలి. మందు గుడ్డు సొనలోకి చేరుతుంది. వైద్యుడు చెప్పిన గడువు ముగిసేదాకా ఆ కోడి గుడ్లు తినకూడదు, అమ్మకూడదు, పక్కింటివాళ్లకు ఇవ్వకూడదు. కోళ్లలో విచ్చలవిడిగా వాడిన మందులకు సూక్ష్మజీవులు లొంగకుండా పోయి మనిషి వైద్యానికి అడ్డొస్తాయన్న భయంతోనే అమెరికా 2005లో కోళ్లకు ఎన్రోఫ్లాక్సాసిన్ వాడకాన్ని ఆపింది. అదే ఆందోళనతో భారత ప్రభుత్వం 2019లో ఆహార జంతువుల్లో కొలిస్టిన్‌ను నిషేధించింది. మందుల దుకాణంలో అడిగి తెచ్చిన పొడిని రెండు రోజులు నీళ్లలో కలిపి, కోడి హుషారైందని ఆపేయడం ఈ సమస్యను పెరట్లోనే పెంచడం అవుతుంది.

మళ్లీ రాకుండా

పుండు మానిన కోడిని పాత గూటికి పంపేముందు గూటిని మార్చాలి. ఊకో రంపపు పొట్టో మూడు నాలుగు అంగుళాల మందంగా పరిచి, గుప్పిట పట్టి నొక్కితే ముద్ద కట్టనంత పొడిగా ఉంచాలి. తడిసిన చోట తీసి కొత్తది వేయాలి. నీళ్ల గిన్నెను ఇటుక మీదో పలక మీదో పెడితే చుట్టూ బురద కాదు. కర్రను నేలకు దగ్గరగా, బరువైన కోళ్లకు ఒకటిన్నర అడుగు మించకుండా అమర్చాలి. అంతకన్నా ఎత్తుంటే మధ్యలో ఒక మెట్టు పెట్టాలి. దూకి పడే చోట మెత్తటి పరుపు ఉండాలి. డాబా నేల మీద ఒక మూల మట్టి పోసి పెడితే కోడి అక్కడే గీరుతుంది, దుమ్ము స్నానం చేస్తుంది, గోళ్లు కూడా వాటంతటవే అరుగుతాయి. పెరట్లో పల్లేరు మొక్కలను పూతకు ముందే పీకేయాలి, కాయ ఎండాక ఏరడం ఎవరివల్లా కాదు.

పెద్ద ఫారాల్లో అరికాలి పుండ్లను కోళ్ల సంక్షేమానికి కొలబద్దగా చూస్తారు. యూరప్‌లో కబేళాకు వచ్చిన మాంసపు కోళ్ల పాదాలను పరీక్షించి, వాటిని పెంచిన షెడ్డు ఎలా ఉందో అంచనా కడతారు. చైనాలో కోడి పాదాలు ఇష్టంగా తింటారు, వాటికి మంచి ఎగుమతి మార్కెట్టు ఉంది కాబట్టి లాభం కోసమైనా పరిశ్రమ నేల పొడిగా ఉంచడం నేర్చుకుంది. పెరటి కోడికి అలాంటి మార్కెట్టు లేదు. దాని కాలిని చూసేది ఇంట్లోవాళ్లే.

కోడి ధర కన్నా వైద్యం ఖర్చు ఎక్కువన్న మాట తరచుగా వినిపిస్తుంది. మొదటి వారంలో పట్టుకుంటే ఖర్చు ఉప్పు పొట్లం, కట్టు పట్టీ వరకే. అది దాటినా సర్కారు పశువుల ఆసుపత్రిలో కోళ్లను కూడా చూస్తారని చాలామందికి తెలియదు. తెలుగు రాష్ట్రాల్లో సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. నెలకోసారి, రాత్రి గూడు మూసే ముందు, ప్రతి కోడి అరికాలూ ఒకసారి తిప్పి చూడండి. నల్లటి చుక్క కనిపిస్తే ఆ రోజే మొదలుపెట్టండి.